పైగదిలో మగగొంతు

అశోక్‌నగర్ ఓనరమ్మ పోయిందని పోయిన మంగళవారం పొద్దున నాకు ఫోన్ వచ్చింది. చేసింది ఆ ఇంట్లో పక్క వాటాలో కిరాయికి ఉంటున్న టీచరమ్మ. “నిద్రల్నే పోయిందమ్మా. పాలు తీసుకోలేదని తలుపు కొడితే పలుకలే” అని చెప్పింది. అయ్యో అనాల్సిన చోట నేను, “మీరు చూసిన్రా? మీ కండ్లతోని చూసిన్రా?” అని అడిగాను. “చూసిన అమ్మా” అంటూ అవతల ఆమె ఏడ్చేసింది. నాకూ అప్పుడే ఏడుపు వచ్చింది. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఓనరమ్మ మొట్టమొదట అడిగే ప్రశ్న అది. నా నోట్లోకి ఎప్పుడొచ్చి చేరిందో నాకే తెలియదు.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా సందుసందుకూ ఓనరమ్మలు ఉంటారు. వాళ్ల మేడల మీది గదుల్లో సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలు ఉంటారు. కాబట్టి మీలో చాలామందికి ఇలాంటి మనిషి ఒకరు తెలిసే ఉంటుంది. అయినా చెబుతాను, అనుమానంలో మా ఓనరమ్మకు సాటి వచ్చేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. ఎదుటివాళ్లను కండ్లతో చూశారా అని నిలదీసే ఈ మనిషి, తాను మాత్రం అన్నీ చెవులతోనే తేల్చుకునేది. గ్యాస్ సిలిండర్ వస్తే దాన్ని ఒకసారి ఎత్తి నేల మీద దించమనేది. ఆ చప్పుడు విని, “ఇది నిండుగ లేదు, ఇంకోటి దించు” అనేది. పాల ప్యాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. పైన నా గదికి వచ్చేటప్పుడు చెప్పులు కిందే విప్పి చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వచ్చేది. దిగేటప్పుడు మాత్రం తనతో తెచ్చుకున్న చెప్పులు తొడుక్కుని టపటపమని దిగేది, వెళ్లిపోయిందని నేను ధీమాగా ఉండాలని.

ఆమెకు పిల్లలు లేరు. భర్త ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి, నేను రాకముందే పోయాడు. నేను 2011 ఎండాకాలంలో ఆ ఇంటి గేటు తీశాను. డిగ్రీ అయిపోయింది, గ్రూప్స్ కోచింగ్‌లో చేరాను, పాలమూరు వైపు ఉన్న మా ఊరి నుంచి నాయిన నన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. నాయిన వయసులో ఉన్నప్పుడు ఇదే పట్నంలో మేస్త్రీల దగ్గర తట్టలు మోశాడు. కూతురు ఇదే పట్నంలో ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవాలని ఆయన కోరిక, ఆ సంగతి ఊరంతటికీ చెప్పుకున్నాడు కూడా. ఓనరమ్మ మమ్మల్ని కూర్చోమనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి విచారణ మొదలుపెట్టింది.

“ఫోన్ల ఎవ్వరితోని మాట్లాడ్తది?”

“మాతోనే అక్కా.”

“మీతోని ఎంతసేపు మాట్లాడ్తది? మిగిలిన సేపు ఎవ్వరితోని?”

ఆమె నావైపు తిరిగి షరతులు చెప్పింది. మెట్ల మీద మగపిల్లలు కనబడొద్దు. అన్న అనుకుంటూ వచ్చేవాళ్లు కూడా వద్దు, ముఖ్యంగా అన్న అనుకుంటూ వచ్చేవాళ్లు వద్దు. చివరికి నాయిన ఫోన్ నంబరు అడిగి, అక్కడికక్కడే డయల్ చేసి, ఆయన జేబులో మోగితేగానీ నమ్మలేదు. నాకు ఆ రోజు ఆమె మీద ఒళ్లు మండింది.

ఇక నా సంగీతం సంగతి. ఆ రోజుల్లో నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఈ నెల అన్నారు, వచ్చే నెల అన్నారు, ఒకరోజు బంద్, ఇంకొకరోజు పుకారు. పొద్దున లేచి చదివిందే చదవడం, సాయంత్రం లైబ్రరీ దగ్గర చాయ్ తాగుతూ అందరూ చెప్పిందే మళ్లీ వినడం. మొదట్లో నాతో ఉన్న రూమ్మేట్ విసుగెత్తి ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయింది. గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆన్‌లైన్ టెస్టుల కోసమని నాయిన కొనిపెట్టిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి నాకు తోడు.

ఒకరోజు ఇయర్‌ఫోన్ పాడైతే బాగుచేయించడానికి నారాయణగూడలో ఒక మైక్‌సెట్ షాపుకు వెళ్లాను. షాపులో అన్న కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి బరాత్ కోసం ఏదో తయారు చేస్తున్నాడు. తెర నిండా చిన్నచిన్న గళ్లు. ఒక గడి మీద నొక్కితే, తెర మీద పరుగెత్తే గీత దాని దగ్గరికి వచ్చినప్పుడు ‘దమ్’మని మోగుతోంది. చూస్తూ ఉండిపోయాను.

“నేర్చుకుంటవా చెల్లె?” అన్నాడతను నవ్వుతూ. “గడి నింపితే మోగుతది, ఖాళీగ ఇడిస్తే ఊకుంటది. గంతే ఉన్నది.”

అతను ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న డీవీడీ ఒకటి ఊరికే ఇచ్చాడు. ఊరికే ఎవరైనా ఏదైనా ఎందుకిస్తారని నాకు దారంతా అనుమానమే. అప్పటికే ఓనరమ్మ గాలి నాకు సోకింది. నెట్ కనెక్షన్ పీకేసి, వాకిలి గడియ పెట్టి, ఆ తర్వాతే డీవీడీ పెట్టాను.

నాకు సరిగమలు రావు. ఏ వాయిద్యమూ పట్టుకోలేదు. మొదటి రోజుల్లో కనబడిన గడినల్లా నింపేశాను. డోళ్లు, చప్పట్లు, ఈలలు, బూరలు అన్నీ ఒకేసారి మోగితే తెర మీద శబ్దాన్ని కొలిచే ఎర్రగీత పైకి తన్నేది, ఏదీ వినబడేది కాదు. ఒకటొకటే తీసేస్తూ వచ్చాను. చివరికి ఒక డోలు, ఒక చప్పట మిగిలాయి. అప్పుడు మొదటిసారి నా కాలు తనంతట తానే ఊగింది. మనసు పెట్టి ఒక పని మొదలుపెట్టడం, పొద్దు గూకేసరికి ఇదిగో ఇంతయిందని చూసుకోవడం, ఆ ఎదురుచూపుల రోజుల్లో నాకు అదొక్కటే దక్కింది. సంతోషంగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు, చెబితే పోతుందని భయం.

ఇయర్‌ఫోన్ మళ్లీ పాడైంది. ఈసారి షాపు అన్న దగ్గర పాత స్పీకర్లు రెండు తెచ్చుకుని నేల మీద పెట్టాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లంతా చేసే పొరపాటు ఇదేనని తర్వాత తెలిసింది. సన్నని శబ్దాలు గదిలోనే ఉండిపోతాయి, బరువు శబ్దాలు మాత్రం స్లాబు గుండా కిందికి దిగిపోతాయి. కిందేమో ఓనరమ్మ వంటగది.

“పైన ఏం దంచుతున్నవే?” అంటూ వచ్చింది.

“ఎక్సర్‌సైజు ఆంటీ.”

ఆమె నా మొహం వైపు కాదు, మెడ వైపు చూసింది. “ఎక్సర్‌సైజు జేసేటోళ్లకు ఆయాసమొస్తది. నీ గొంతుల ఆయాసం లేదు” అని చెప్పులు తొడుక్కుని టపటపమని దిగిపోయింది.

రెండ్రోజుల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి తొంగి చూసి, మంచం కింద కూడా కళ్లు పోనిచ్చింది.

“ఇద్దరున్నరు పైన.”

“ఎవరాంటీ? నేనొక్కదాన్నే.”

“ముందుగాల ఒకరు దంచిన్రు. నడుమ చెయ్యి మారింది. నేను ఇన్న.”

ఆ రోజు నేను మొదటి సగానికి ఒక డోలు శబ్దం, రెండో సగానికి ఇంకొకటి వాడాను. రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. షాపు అన్నకు వినిపిస్తే ఆయన కూడా తేడా పట్టలేదు. ఈమె స్లాబు కింద పప్పు తాలింపు వేసుకుంటూ పట్టేసింది, దానికి తనదైన అర్థం కూడా తీసేసింది. నేను పాత డోలే మళ్లీ పెట్టాను. ఆ తర్వాత ఏదైనా కొత్తగా చేస్తే, కింది నుంచి ఏ ఫిర్యాదు వస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని.

ఆ వానాకాలంలో, మొదటిసారి సొంతంగా ఒక పాట పూర్తి చేయాలని పట్టుదల పుట్టింది. డీవీడీలో వచ్చిన శబ్దాలు అందరి దగ్గరా ఉంటాయి, మన చుట్టూ ఉన్నవి రికార్డు చేసుకో అని షాపు అన్న చెప్పాడు. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. బోరు మోటారు, కొబ్బరి చీపురు, రేకుల మీద వాన. అన్నింటిలోకీ నాకు నచ్చింది గేటు గడియ. పాత ఇనప గడియ, తీస్తే కీచుమని మొదలై టంగుమని ఆగేది. ఆ టంగు వినబడగానే ఓనరమ్మ ఏ మూలనున్నా, పూజలో ఉన్నా సరే, “ఎవరూ...?” అని సాగదీసి అరిచేది. ఆ రెండింటికీ మధ్య ఒక్క క్షణం కూడా జాగుండేది కాదు. మేడ పిట్టగోడ మీద ఫోన్ పెట్టి రెండూ రికార్డు చేశాను.

పాటలో గడియ బాగా కుదిరింది. “ఎవరూ” మాత్రం కుదరలేదు. ఆమె గొంతు సన్నం, డోలు మీద తేలిపోతోంది. గొంతును కిందికి దించే మీట ఒకటి సాఫ్ట్‌వేర్‌లో దొరికింది. దించుతూ పోయాను. సన్నని గొంతు బరువెక్కి, నెమ్మదించి, చివరికి ఎవరో పెద్ద మగమనిషి గడపలో నిలబడి “ఎవరూ...?” అన్నట్టు వచ్చింది. ఆనందం పట్టలేక మర్నాడు పొద్దుటి నుంచి అదే ముక్కను మళ్లీ మళ్లీ వేసుకున్నాను. మొదట గడియ, ఆ తర్వాత మగగొంతు.

కింద జరిగింది నాకు తర్వాత తెలిసింది. గడియ చప్పుడు విని ఓనరమ్మ గేటు దగ్గరికి పోయింది. ఎవరూ లేరు. లోపలికి వచ్చి కూర్చోగానే మళ్లీ గడియ. సందులో పిల్లలు ఆటపట్టిస్తున్నారనుకుని చీపురు పట్టుకుని గేటు వెనక దాక్కుంది. కళ్ల ముందు గడియ కదలలేదు, చప్పుడు మాత్రం వచ్చింది. అదీ పైనుంచి. దాని వెనకే నా గదిలో ఒక మగవాడు, ఆమె ఇంట్లో ఉండి, ఆమెనే ఎవరని అడిగాడు!

ఆమె పైకి వచ్చి నా తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెట్టింది. నేను నీళ్ల కోసం తలుపు లాగితే రాలేదు.

“ఆంటీ! తలుపు తీయండి!”

“మీ నాయినకు ఫోన్ జేసిన. బస్సెక్కిండు. ఆయన వచ్చేదాక ఎవ్వరు బయటికి రారు.”

“ఎందుకు?”

“గడియ తీసిన చప్పుడు ఇన్న. పోయిన చప్పుడు ఇనలే. ఇంక లోపట్నే ఉన్నడు.”

“ఎవరూ లేరాంటీ! అది కంప్యూటర్!”

“కంప్యూటరు ఎవరని అడుగుతదా? ఇన్నేండ్ల సంది ఈ ఇంట్ల అడిగేది నేనొక్కదాన్ని.”

నేను ఏడ్చాను, బతిమాలాను, తిట్టాను కూడా. అయ్యేది లేదు. కాసేపటికి కిటికీ దగ్గర గిన్నెల చప్పుడైంది. ఊచల సందుల్లోంచి పళ్లెం పట్టక, అన్నం, పప్పు విస్తరాకు దొప్పల్లో పెట్టి లోపలికి అందించింది. ఒకటి అందుకున్నాను. ఇంకొకటి కూడా చాపింది.

“ఇదెవరికి?”

“ఆయనకు. ఎవడైతేంది, ఆకలి కాదా?”

రెండో దొప్ప కిటికీలోనే పెట్టేశాను. అరగంట తర్వాత వచ్చి దాన్ని చూసి, “తినలేదంటే భయపడ్డడన్నట్టు” అని తనలో తాను అనుకుంటూ దిగింది. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వు రాలేదు. సామాను సర్దుకుని ఇంటికి పోయిన ఆడపిల్లను మళ్లీ చదువుకని పంపిన ఇల్లు మా ఊళ్లో ఒక్కటీ లేదు. ఈ రోజు నాయిన నన్ను తీసుకుపోతే పట్నం, గది, ల్యాప్‌టాప్, అన్నీ ఈ రోజుతోనే సరి.

నాయిన సాయంత్రానికి వచ్చాడు. నిజం గడియ మోగింది, నిజం ఓనరమ్మ “ఎవరూ...?” అన్నది. గొళ్లెం తీశారు. నాయిన లోపలికి వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా మంచం కింద చూశాడు, తలుపు వెనక చూశాడు. ఓనరమ్మ టార్చిలైటు పట్టుకుని వెళ్లి మేడ మీది నీళ్ల ట్యాంకు మూత తీసి చూసింది. ఎవరూ దొరకలేదు. ఇద్దరూ వచ్చి నా ముందు నిలబడ్డారు. ఇంక దాచడానికేమీ లేదని ల్యాప్‌టాప్ తెరిచి మీట నొక్కాను.

కీచు, టంగు. “ఎవరూ...?”

ఇద్దరూ ఉలిక్కిపడి గది నాలుగు మూలలూ చూశారు. నేను గొంతు మీటను కొంచెం పైకి జరిపాను. మగగొంతు బొంగురుపోయింది. ఇంకొంచెం జరిపాను. జలుబు చేసిన ఆడమనిషి పిలిచినట్టయింది. ఇంకొంచెం జరిపాను. ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన తెర వైపు కాక, ఆమె వైపు చూశాడు.

“ఇది నేనే” అంది ఓనరమ్మ. జీవితంలో ఆమె దేన్నైనా ఒక్కసారికే నమ్మడం నేను చూసింది అప్పుడే.

మగవాడు లేడని తేలింది. నేను ఊపిరి పీల్చుకునే లోపే నాయిన మంచం మీద కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“అయితే పొద్దుగాల సంది నువ్వు జేసే సదువు ఇదా?”

“కాదు నాయినా. చదువుతున్న. మిగిలిన టైంల...”

“నేను ఊర్ల అందరికి ఏం చెప్పుకుంటున్న, నువ్విక్కడ ఏం జేస్తున్నవు? సామాను సదురు.”

ఆయన అరవలేదు. అరిస్తే బతిమాలుకునేదాన్ని. నేను ఇనప పెట్టె మంచం కింది నుంచి లాగాను. అప్పుడు ఓనరమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి కూర్చుంది.

“ఆగు తమ్మీ. పిల్ల యాడికీ పోదు.”

“అక్కా, నీకు పుణ్యముంటది, నా బిడ్డను నేను తీసుకపోత.”

“తీసుకపోతవు సరే. నా గొంతు గూడ తీసుకపోతదా? నన్నడగకుంట పట్టుకుంది. మొగోని లెక్క చేసింది. మీ ఊరికి పోయి నా గొంతుతోని ఇంకేం జేస్తదో నాకేమెర్క? చేసేది ఇక్కడ చెయ్యాలె, నా కండ్ల ముందట చెయ్యాలె. పని అయ్యేదాక నేను పంపియ్య.”

నాయిన తల గోక్కున్నాడు. “మరి దీని సదువు?”

“సదువుతదో లేదో నేను చూస్త. నాకంటె అనుమానమున్న మనిషి నీకు ఈ పట్నంల యాడ దొరుకుతది? వారం వారం నేనే ఫోన్ జేసి చెప్త. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు, ఇనే అలవాటు గూడ లేదు.”

పొద్దుటి నుంచి ఆమె చేసినదంతా, కనబడని మనిషికి అన్నం పెట్టడంతో సహా, మెట్ల మీదే విన్నాడు. ఇంతకన్నా గట్టి కాపలా దొరకదని ఆయనకు అనిపించి ఉంటుంది. రాత్రి బస్సుకు ఒక్కడే వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నాతో మాట్లాడలేదు.

ఆ మరుసటి రోజు నుంచి నా చార్జర్ ఓనరమ్మ బీరువాలోకి చేరింది. చదువు అయ్యాక, చదివినదాంట్లో ఏదో ఒకటి అడిగి, నేను తడుముకోకుండా చెబితేనే చేతికిచ్చేది. జవాబు తప్పో ఒప్పో ఆమెకు తెలియదు, తడుముకున్నానా లేదా అన్నదే పరీక్ష. మధ్యలో ఎప్పుడైనా వచ్చి ల్యాప్‌టాప్ పొట్ట మీద చెయ్యి పెట్టి వెచ్చగా ఉందేమో చూసేది. సాయంత్రాలు చేటలో బియ్యం పోసుకుని నా గుమ్మంలో కూర్చుని ఏరుకునేది. తెర మీద పరుగెత్తే గీతను చూసి, “ఇది ఎందుకురుకుతున్నది? యాడికి పోతున్నది?” అని అడిగేది. కరెంటు పోయే వేళల్లో బ్యాటరీ మీద నడుస్తుంటే, “కరెంటు లేకుంట ఎట్ల మోగుతున్నది, దొంగ కరెంటా?” అని తీగ వెంట గోడదాకా పోయి చూసుకునేది. స్పీకర్లు నేల మీద ఉండటం ఆమెకు నచ్చలేదు. తన ఇంటి గోడలు బీటలు వారతాయని పాత బొంత ఒకటి మడిచి వాటి కింద పెట్టించింది. దాంతో డోలు శబ్దం ఎంత శుభ్రంగా వచ్చిందంటే, షాపు అన్న విని స్పీకర్లు మార్చావా అని అడిగాడు.

ఒక్కసారి కూడా బాగుంది అనలేదు. పాట అయిపోయాక, “ఇందుల ఏదో దాచినవ్. మళ్లొకసారి పెట్టు” అనేది. పెట్టేదాన్ని. మళ్లీ అదే మాట. అలా ఎన్నిసార్లు పెట్టమంటే అంత బాగా వచ్చినట్టని నేనే లెక్కగట్టుకున్నాను. ఒక్కసారే విని లేచిపోయిన రోజు, ఆ పాటను నేను కూడా తీసేసేదాన్ని. దాచిందేదో ఆమెకు ఎప్పుడూ దొరకలేదు.

నేను మాత్రం ఆమెను అనుమానించడం మానలేదు. ఆ రోజు నా కోసం గుమ్మానికి అడ్డం ఎందుకు కూర్చుంది? జాలా? జాలిపడే రకం కాదు. గది ఖాళీ పడితే కిరాయి పోతుందని కాబోలు అనుకున్నాను. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

“నువ్వు పోతే ఇంకొకరొస్తరు” అంది బియ్యంలోంచి తల ఎత్తకుండా. “వాళ్లను మళ్ల మొదటి నుంచి అనుమానించాలె. నాకంత ఓపిక లేదు.”

పాట పూర్తయింది. షాపు అన్న దాన్ని పెళ్లిళ్ల సీజన్‌లో ఒక బరాత్‌లో పెడతానన్నాడు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీదుగా వస్తుందని తెలిసి, ఓనరమ్మ నాకంటే ముందే తయారై కూర్చుంది. పొద్దు గూకే వేళ ఇద్దరం ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. బండి వచ్చింది, లైట్లు, డోలు, పిల్లల గంతులు. ఉన్నట్టుండి గడియ మోగింది, ఆ వెంటే పెద్ద పెద్ద స్పీకర్లలోంచి “ఎవరూ...?” అని రోడ్డంతా దద్దరిల్లింది. చిందులేస్తున్న పిల్లలు చేతులు పైకెత్తి, “మేమే!” అని అరిచారు. మళ్లీ “ఎవరూ?” “మేమే!” ఓనరమ్మ కొంగు బిగించుకుని వాళ్లను ఒక్కొక్కరినీ పరీక్షగా చూసింది.

“నిజంగనే నచ్చిందా వీళ్లకు, తాగి ఉన్నరా?” అంది.

“ఏమో ఆంటీ.”

“ఎవరో తెలువకుంట జవాబు జెప్తున్నరు. పిచ్చోళ్లు.” అలా అంటూనే ఆ బరాత్ వెంట సందు మలుపు దాకా నడిచింది.

2013లో బర్కత్‌పురలో ఒక చిన్న స్టూడియోలో నాకు పని దొరికింది. ప్రకటనలకు, లోకల్ చానళ్లకు సంగీతం చేసే చోటు. గ్రూప్స్ కొత్త నోటిఫికేషన్ ఇంకా రాలేదు. నాయినకు ఫోన్‌లో భయపడుతూ చెప్పాను. “సరే” అని ఒక్క ముక్క అన్నాడు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని నాకు చాలా రోజులు అనుమానంగానే ఉండేది. ఓనరమ్మ ఒకనాడు స్టూడియోకు వచ్చి, జీతం నిజంగా ఇస్తారా అని అక్కడి మేనేజర్‌ను నిలదీసి, ఆయన గొంతు నచ్చాకే వెళ్లింది. స్టూడియోకు దగ్గరని నేను హాస్టల్‌కు మారాను. మొదట్లో ప్రతి పండక్కీ వెళ్లి చూసేదాన్ని. తర్వాత పని ఎక్కువై, ఫోన్లతోనే సరిపెట్టాను. ఆమె మాత్రం ఫోన్ ఎత్తగానే నేనేనని రుజువు చేసుకోనిదే మాట కలిపేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం నేను అశోక్‌నగర్ చేరేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. గాంధీనగర్ నుంచి ఆమె మరిది కొడుకు వచ్చి అన్నీ చూసుకుంటున్నాడు. ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో మా నాయిన కూర్చుని ఉన్నాడు. నేను ఆయనకు ఇంకా కబురే చెప్పలేదు.

“నీకెట్ల తెలిసింది నాయినా?”

“టీచరమ్మ ఫోన్ జేసింది. ఆమె ఫోన్ల పొద్దున తీసి చూస్తే ముందుగాల నా నంబరే ఉన్నదంట.”

“నీకు ఇంకా ఫోన్ చేస్తుండెనా?”

నాయిన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. “ఆదివారం ఆదివారం. మాట తక్కువ. ‘ఇను తమ్మీ’ అని ఫోన్ పైకి పట్టుకునేది. నువ్వు పైన కొట్టేదంత నేను ఇంటుండె. చేన్ల ఉంటే చేన్లనే నిలబడి ఇంటుండె. బ్యాలెన్స్ అయిపోయేదాక పట్టుకునేది.”

నా పాటల్లో ఒక్కటి కూడా నాయినకు వినిపించే ధైర్యం నేను చేయలేదు. ఆయన అన్నీ విన్నాడు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దన్నది. నేను ఇంటున్నానని ఎర్కైతే నువ్వు నా కోసం కొడ్తవంట. నీకు నచ్చింది కొట్టవంట. ఆమె అనుమానం.”

నేను ఆయన పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. “నేను గది ఖాళీ చేసినంక మరి ఫోన్ ఎందుకు?” అని అడిగాను.

“నేను గూడ అదే అడిగిన. ‘పైన చప్పుడు లేదు తమ్మీ’ అని చెప్పేది. సరే అక్కా అంటె ఇనేది కాదు. ‘నా మాట నమ్మకు, నువ్వే ఇను’ అని మళ్ల ఫోన్ పట్టుకునేది.”

లోపల ఎవరో ఏడుస్తున్నారు. నేను ఆ ఇంటి మెట్ల వైపు చూశాను. నా తర్వాత ఆమె ఎవరికీ ఇవ్వని ఆ గది తాళం వేసే ఉంది. ఆ మెట్ల నడుమ ఒక ముసలామె, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకొక చేత్తో చిన్న ఫోన్‌ను ఆ గది తలుపు వైపు ఎత్తి పట్టుకుని ఆదివారం ఆదివారం నిలబడేది. అక్కడ పాలమూరులో మా నాయిన ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ ఖాళీ గదిని చివరిదాకా వినేవాడు.